రైలు కంపెనీ కార్యదర్శి – స్పానిష్ నాటకములు
(సంఘ సాహిత్య సభలో చేసిన ప్రసంగము)



కార్యాలయమున పనిచేయువారికి సాహిత్య పరిశోధన సాధ్యమా యను ప్రశ్న మనలో తరచుగా వినబడుచుండును. దానికి సమాధానముగా ఒక ఆంగ్లేయుని జీవితమును నేడు మనవి చేయదలచితిని. ఆయన పేరు జాన్ రట్టర్ ఛోర్లీ. విక్టోరియా రాణి కాలమువాడు, లాంకషైరు ప్రాంతీయుడు.

ఛోర్లీ గ్రాండ్ జంక్షన్ రైల్వే కంపెనీకి కార్యదర్శి. బర్మింగ్‌హామును లివర్‌పూలు, మాంచెస్టరులతో కలుపుటకు వేసిన ఆ మార్గము 1837 జూలై 4వ తేదీన తెరువబడెను. రైలు మార్గములే క్రొత్తవైన ఆ దినములలో అట్టి కార్యదర్శికి ఉత్తరములు, లెక్కలు, సమావేశములు ఎన్ని యుండునో ఫైళ్ల నడుమ కాలము గడుపు మనము సులభముగ ఊహింపగలము. ఆయన తమ్ముడు హెన్రీ ఛోర్లీ ‘ఎథీనియం’ పత్రికలో సంగీత విమర్శకుడుగా పేరు గాంచెను. అన్న పేరు అంతగా వినబడలేదు. ఉద్యోగము వదలి లండనులో నివసించిన కాలమున ఆయనకు స్పానిష్ సాహిత్యమే, అందును నాటకమే, వ్యాసంగమయ్యెను. థామస్ కార్లైల్ ఆయన మిత్రులలో ఒకడు.

ఛోర్లీ చేసిన పని విలువ తెలియవలెనన్న లోపె ద వేగాను గూర్చి కొంత తెలిసికొనవలెను. 1562లో మాడ్రిడ్ నగరమున జన్మించి 1635లో గతించిన ఈ మహాకవిని సెర్వాంటిసంతటివాడు ప్రకృతి సృష్టించిన వింతగా ఎంచెను. లోపె వ్రాసిన నాటకములు 1800 అని ఆయన శిష్యుడు మోంటల్బాన్ చెప్పెను. అందలి అతిశయోక్తిని తీసివేసినను, నేటికి మిగిలినవే వందల సంఖ్యలో నున్నవి.

వీనిలో ఏది లోపెది, ఏది కాదు? చిక్కు ఇచ్చటనే యున్నది. ఆ కాలమున కవి తన నాటకమును నటసమాజపు యజమానికి అమ్మివేయును. పిమ్మట దానిపై అతనికి హక్కు లేదు. ఆ ప్రతులు చేతులు మారి అచ్చువారిని చేరును. పేరున్న కవి పేర పుస్తకము అమ్ముడుపోవును గనుక ఇతరుల నాటకములకును లోపె పేరు తగిలించిరి. నాటకశాలలో విన్నదానిని జ్ఞాపకముంచుకొని వ్రాసి అమ్మువారును ఉండిరి. లోపె 1616లో వ్యాజ్యము వేసి ఓడిపోయెను. చివరకు, 1617లో వెలువడిన తొమ్మిదవ సంపుటము మొదలుకొని తానే ప్రచురణకు పూనుకొనెను. ఇక విడివిడిగా అచ్చయిన నాటకములను ‘సుయెల్తా’ లందురు. అవి పలుచని పుస్తకములు. పెక్కింటిపై అచ్చయిన స్థలముగాని సంవత్సరముగాని యుండదు. శ్రీనాథుని పేర చెలామణి యగు చాటువులలో ఆయనవి ఎన్ని యని తర్కించుకొను మనకు ఈ బాధ అపరిచితము కాదు.

ఛోర్లీ ఇట్టి నాటక ప్రతులను ఏండ్ల తరబడి సేకరించెను. సేకరించి బీరువాలో దాచుకొన్నచో ఆయనను నేడు స్మరింపవలసిన పనియే లేకపోయెడిది. ఆయన వానిని చదివి, పోల్చి, లోపె నాటకములకు ఒక పట్టిక కూర్చెను. ఒకే నాటకము రెండు పేర్లతో నుండును. ఒకే పేరుతో ఇద్దరు కవుల నాటకములుండును. ఓర్పు, అనుమానము, జ్ఞాపకశక్తి మూడును లేనిదే ఆ పని సాగదు. 1860లో మాడ్రిడ్‌నుండి హార్ట్‌సెన్‌బుష్ ప్రకటించిన లోపె నాటక సంపుటమున ఆ పట్టిక అచ్చయ్యెను. స్పెయిను దేశపు పండితుడు తన జాతి మహాకవి గ్రంథములకు ఒక పరదేశీయుని పట్టికను చేర్చుకొనెననిన, అంతకు మించిన యోగ్యతాపత్రము మరియొకటి యుండునా?

పట్టికతో ఏమి లాభమని కొందరడుగవచ్చును. అమెరికా పండితుడు టిక్నర్ 1849లో మూడు సంపుటముల స్పానిష్ సాహిత్య చరిత్రను ప్రకటించెను. ఛోర్లీ అట్టి మహాగ్రంథము వ్రాయలేదు, అది లోటే. కాని చరిత్రకారుడు పొరపాటుపడకుండుటకు పట్టిక కావలెను. ఇది లోపెదేనని నమ్మకముగా చెప్పువాడు లేనిదే, లోపె ప్రతిభనుగూర్చి చెప్పునదంతయు గాలిలో మేడ యగును. 1940లో మోర్లీ, బ్రూవర్టన్ అను పండితులు ఛందస్సుల లెక్కతో లోపె నాటకముల కాలమును, కర్తృత్వమును నిర్ణయించు గ్రంథమును ప్రకటించిరి. ఛోర్లీ ఎత్తుకొన్న ప్రశ్న ఎనుబది యేండ్ల తరువాతను సజీవముగనే యుండెనన్నమాట.

1865లో ఛోర్లీ తన స్వంత కవిత్వమును ఒక పుస్తకముగా అచ్చువేసెను. నేడు దానిని చదువువారు అరుదు. 1867లో ఆయన గతించెను. ఆయన కూర్చిన నాటకములు బ్రిటిష్ మ్యూజియమునకు చేరి, ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో చదువరులకు అందుబాటులో నున్నవి. తన పేరు నిలుపునని తలచి వ్రాసినది మరుగుపడెను. ఇతరుల పేర్లు సరిచేయుటకు చేసిన సేవ నిలిచెను.

మిత్రులారా, వచ్చిన కాగితమును గుర్తించి, నమోదుచేసి, మరల అడిగినపుడు చూపగలుగుట మన నిత్యవృత్తి. ఆ విద్యనే ఛోర్లీ సాహిత్యమునకు వినియోగించెను. మన ఇండ్లలో తాతలనాటి పెట్టెలలో అట్టలూడిన నాటకములు, శతకములు, హరికథల పుస్తకములు పడియుండును. వానిని పాతకాగితములవానికి తూచి యిచ్చుటకు ముందు కర్త యెవరో, ముద్రణాలయమేదో, సంవత్సరమేదో ఒక కాగితముపై వ్రాసి మన సంఘ గ్రంథాలయమున కిండు. మరొక ప్రతి ఎచ్చటను లేని పుస్తకము వానిలో ఒక్కటి దొరకినను మన శ్రమ వ్యర్థము కాదు.