కత్తి తీయకముందటి క్షణము
(పఠనమందిర సభలో చేసిన యుపన్యాసము)



మేము న్యాయవాద వృత్తియం దున్నవారము. కొన్ని యేండ్ల క్రిందట ఒక హత్యాభియోగమున ముద్దాయి పక్షమున వాదించితిమి. ముద్దాయికి 19 ఏండ్లు, చనిపోయినవానికిని అంతే. తగవు ఒక్క మాటమీద పుట్టినది. అప్పుడు అయిదుగురు స్నేహితులు చెంతనే యుండిరి. సాక్షుల బోనులో నిలిచి ఆ యయిదుగురును చెప్పిన దొక్కటే: “మేము చూచుచు నిలుచుంటిమి.” శిక్ష పడినది, రెండు కుటుంబములు చీకటిపాలయినవి. ఆ సాక్ష్యము నేటికిని మా చెవులలో మ్రోగుచున్నది.

న్యాయస్థానము గాయమునకు తరువాత వచ్చునది. కత్తి బయటికి రాకముందటి క్షణమును తిరిగి తెచ్చు శక్తి దానికి లేదు. ఆ క్షణమును పదిమార్లయినను తిరిగి తెచ్చి చూపగలది నాటకరంగ మొక్కటే. ఈ సంగతినే నేడు మీతో మనవి చేయదలచితిమి.

పడుచువాండ్రు కత్తి నేల దాచుకొందురు? బ్రిటనులో ఈ విషయమును పరిశీలించినవారు ముఖ్యముగా చెప్పు కారణములలో భయ మొకటి, పరువు మరియొకటి. ఎదుటివాని జేబులో కత్తి యున్నదేమో యని వీడును, వీని జేబులో నున్నదేమో యని వాడును దాని నుంచుకొందురు. ఇంగ్లండులో సరియైన కారణము లేక బహిరంగస్థలమున కత్తి ధరించినవానికి, 1988వ సంవత్సరపు శాసనము ననుసరించి, 4 ఏండ్లవరకు కారాగారశిక్ష విధింపవచ్చును. అయినను కత్తులు ఆగలేదు. చెరసాలకు జంకనివాడును తన జట్టువారి యెదుట పిరికివాడనిపించుకొనుటకు జంకును. ఇద్దరు కలియబడినపుడు చుట్టును మూగినవారి కన్నులే వారిని వెనుదిరుగనీయవు. ప్రేక్షకులచేత ముదిరిన రోగమునకు ప్రేక్షకులచేతనే చికిత్స చేయింపరాదా?

అట్టి మార్గమును చూపినవాడు బ్రెజిలు దేశపు నాటకాచార్యుడు ఆగుస్టో బోవాల్ (1931–2009). సైనిక ప్రభుత్వము 1971లో ఆయనను నిర్బంధించి చిత్రహింసలపాలు చేసెను. దేశాంతరవాసియై 1974లో ‘పీడితుల నాటకరంగము’ అను గ్రంథమును ప్రకటించెను. ఆయన చర్చానాటకపద్ధతి యిది: ఒక చిన్న నాటకము అనర్థముతో ముగియును. వెంటనే దానిని మొదటినుండి మరల ఆడుదురు. ఈ మారు చూచువారిలో నెవరైనను “ఆగుడు” అని కేకవేసి, రంగమెక్కి, పాత్రధారి స్థానమున నిలిచి, తమకు తోచిన దారిని నడచి చూపవచ్చును. తక్కిన నటులు సులభముగా లొంగరు. లోకములో వలెనే యెదిరింతురు. మన దేశమున జనసంస్కృతి సంస్థవారు పశ్చిమ వంగదేశపు పల్లెలలో ఈ పద్ధతిని నడపుచున్నారు. బ్రిటనులో దీనిని పాఠశాలలకును చెరసాలలకును కొనిపోయినవారు కలరు.

నీతి బోధించు నాటకమునకును దీనికిని గల భేదమును గమనింపుడు. కత్తి పట్టవలదని వేయిమార్లు చెప్పినను యువకుడు నవ్విపోవును. “అయిన నీవేమి చేయుదువో చేసి చూపుము” అన్నచో ఆలోచనలో పడును. చేసి చూచినపుడు, తగవును ఆపుటకు మిక్కిలి యవకాశము గలవాడు కత్తి పట్టినవాడు కాడనియు, వాని ప్రక్కనున్న మిత్రుడనియు తెలియవచ్చును.

మరియొక మార్గము గలదు. డెబీ టకర్ గ్రీన్ అను రచయిత్రి నాటకము ‘రాండమ్’ 2008లో లండను రాయల్ కోర్టు రంగశాలయందు ప్రదర్శింపబడెను. ఒక కుటుంబమున సామాన్యముగా తెల్లవారిన దినము, కుమారుడు కత్తిపోటునకు బలియగుటతో అస్తమించును. ఒక్క నటియే అన్ని పాత్రలను ధరించును. పోరాటము రంగముపై కానరాదు. ఇంటివారి దుఃఖమే కానవచ్చును. మన చలనచిత్రములలో కత్తి దూసినవానికి ఈలలు మ్రోగును. పొడువబడినవాని తల్లివైపు తిరిగి చూచువారు అరుదు.

గ్లాస్గో నగరమున న్యాయస్థానమే రంగస్థలమయ్యెను. 2005లో అచటి పోలీసువారు హింసానివారణ శాఖను స్థాపించి, కత్తిపోట్లను అంటువ్యాధివలె ఎంచి పనిచేయ మొదలిడిరి. 2008లో ముఠాల యువకులను న్యాయస్థానమునకు రావించి కూర్చుండబెట్టిరి. పోలీసు అధికారియు, గాయములను కుట్టిన వైద్యుడును, ముఠాను వీడినవాడును మాటలాడిరి. కొడుకును పోగొట్టుకొన్న తల్లియు మాటలాడెను. ఈ బ్రతుకు వలదనువారికి చదువును పనియు చూపుదుమని చెప్పి ఫోను నంబరు నిచ్చి పంపిరి. స్కాట్లండులో 2004–05లో 130కి పైగానున్న హత్యలు 2014–15 నాటికి సగమునకు లోబడినవి. ఆ ఘనత యంతయు అట్టి సభలదే యనుట అతిశయోక్తి. కాని తల్లి మాటయు, బ్రతుకుతెరువును జోడించి చూపినవారి వివేకము మనకు గ్రాహ్యము. పని చూపని నాటకము కన్నీటితోనే ముగియును.

నాటకమునకు సంఘమును కదల్చు శక్తి గలదని తెలుగువారికి వేరే చెప్పనక్కరలేదు. 1892లో విజయనగరమున ‘కన్యాశుల్కము’ ఆడినది మనవారే. వృత్తిచే న్యాయవాదియైన బళ్లారి రాఘవగారు తెలుగు రంగస్థలమునకు కీర్తి తెచ్చిరి. మా వృత్తివారికి వేషము వేయుట చిన్నతనము గాదు.

కావున మా ప్రార్థన యొక్కటి. ఈ మందిరపు వెనుకనున్న ఆవరణలో నెల కొక సాయంకాలము ఇట్టి చర్చానాటకమును ఆడింతము. తెరలు వలదు, దీపాలంకారములు వలదు. పేటలలోని కుర్రవాండ్రనే నటులుగా పిలుతము. వారికి పని చూపగల వర్తకులను ముందు వరుసలో కూర్చుండబెట్టుదము. మొదటి నాటకమునకు కథను మేమిచ్చెదము: ఇద్దరు యువకులు, ఒక మాట, చూచుచు నిలిచిన అయిదుగురు. ఆ యయిదుగురిలో ఒక్కడైనను ఈ మారు ముందునకు వచ్చునేమో చూతము.