యాభై రెండులోంచి పదిహేడు



ఇవాళ పట్టా అందుకుంటున్న మీలో చాలామంది రేపు డీఎస్సీ రాసి ఏదో ఒక పల్లెబడికి వెళ్తారు. ఐదు తరగతులూ ఒకే గదిలో ఉండవచ్చు, ఆ గదికి మీరొక్కరే టీచరు కావచ్చు. అక్కడ మీకు తప్పకుండా ఎదురయ్యే ఒక లెక్క గురించి చెబుతాను.

52లోంచి 17 తీసేయమంటే నాలుగో తరగతి పిల్లలు చాలామంది 45 అని రాస్తారు. నేను టీచరైన కొత్తలో ఇంటూ పెట్టి పక్క పలక అందుకునేవాణ్ణి. ఒకరోజు ఒక పాపను ఆపి, "ఎలా చేశావమ్మా?" అని అడిగాను. "ఏడులోంచి రెండు పోతే ఐదు, ఐదులోంచి ఒకటి పోతే నాలుగు సార్" అంది. పెద్ద అంకెలోంచే చిన్నది తీయాలని చెప్పింది నేనే. ఆ మాటను ఆ పిల్ల అక్షరాలా పాటించింది! పుల్లలు పదేసి కట్టలు కట్టి చేతికిచ్చాను. విడిగా ఉన్నవి రెండే, తీయాల్సినవి ఏడు. కాసేపు చూసి, తనే ఒక కట్ట విప్పింది. ఏడాదంతా నల్లబల్ల మీద నేను చెప్పిన 'అప్పు తెచ్చుకోవడం' అప్పుడు తనదయింది.

అలా ఒక్కో పిల్లను ఆపి అడగడానికి గదిలో మనిషి ఉండాలి. అందుకే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2005లో మొదలైన ఒక అధ్యయనాన్ని మీరు చదవాలి. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అనే పరిశోధకులు లాటరీ పద్ధతిలో 100 పల్లె ప్రభుత్వ బడులను ఎంచి, ఒక్కో బడికి ఒక కాంట్రాక్టు టీచరును అదనంగా ఇప్పించారు. రెండేళ్ళు తిరిగేసరికి ఆ బడుల పిల్లలు లెక్కల్లోనూ భాషలోనూ మిగతా బడుల పిల్లలను దాటారు. ఆ టీచర్ల జీతం రెగ్యులర్ వాళ్ళ జీతంలో ఐదో వంతు. తనిఖీకి వెళ్ళినప్పుడు రెగ్యులర్ టీచర్లలో 27 శాతం మంది బడిలో లేరు, కాంట్రాక్టు వాళ్ళలో 18 శాతం. దీన్ని చూపించి చవకగా టీచర్లను పెట్టుకోవచ్చనేవాళ్ళున్నారు. నేను ససేమిరా ఒప్పుకోను, అంత పనికి అంత తక్కువ ఇవ్వడం అన్యాయం. నాకందులో కనబడిందల్లా ఒకటే: గదిలో ఇంకొక మనిషి ఉన్నారు, ఎక్కువ రోజులు ఉన్నారు. పిల్లవాడు పక్కకు తిరిగి అడగడానికి ఒకరు దొరికారు.

అందుకే మిమ్మల్ని ఒకటి కోరుతున్నాను. బడి తెరిచిన మొదటి వారం సిలబస్ జోలికి పోకండి. ఒక్కొక్కరినీ పక్కన కూర్చోబెట్టుకుని ఒక పేరా చదివించుకోండి, ఒక తీసివేత చేయించుకోండి. ఎవరు ఒత్తుల దగ్గర ఆగారో, ఎవరు గుణింతాల దగ్గరే ఉన్నారో పేరుపేరునా రాసుకోండి. రెండో వారం పాఠం ఆ నోటుబుక్కులోంచి మొదలుపెట్టండి.