గడిచిన యౌవనం - మిగిలిన ఆయువు

మొదటి ఖుత్బా

సర్వస్తోత్రాలు సకల లోకాల ప్రభువైన అల్లాహ్‌కే శోభిస్తాయి. మన పుట్టుకనూ, యౌవనాన్నీ, వార్ధక్యాన్నీ నిర్ణయించినవాడు ఆయనే. మనం మరచిపోయిన దినాలు కూడా ఆయన దగ్గర భద్రంగా లిఖించబడి ఉన్నాయి. ఆయన దాసుడు, ఆఖరి ప్రవక్త అయిన ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) పైన, వారి కుటుంబీకుల పైన, సహచరుల పైన శాంతి శుభాలు కురియుగాక!

ధార్మిక సోదరులారా! ముందుగా నాకూ, మీకూ అల్లాహ్ పట్ల భయభక్తులు కలిగి ఉండాలని హితవు చెబుతున్నాను.

సూరె రూమ్ 54వ ఆయత్‌లో అల్లాహ్ మానవ జీవితాన్ని మూడు మజిలీలుగా మన ముందు ఉంచాడు: బలహీనత, దాని తరువాత బలం, ఆ బలం తరువాత మళ్లీ బలహీనత, నెరసిన తల. మధ్యనున్న బలమే యౌవనం. దానికి ముందు మనకు తెలివి లేదు, దాని తరువాత మనకు శక్తి ఉండదు. అందుకే వయసు మళ్లుతున్నకొద్దీ మనిషి మనసు పదేపదే యౌవనం వైపే తిరుగుతుంది. ఆనాడు నేను ఆ దారిన ఎందుకు వెళ్లాను? ఆ మాట ఎందుకు వినలేదు? ఈ ప్రశ్నలు నలభై దాటిన ప్రతి గుండెలోనూ ఉంటాయి. సూరె అహ్‌ఖాఫ్ 15వ ఆయత్ కూడా నలభై ఏళ్ల వయసును పేరెత్తి ప్రస్తావించింది. ఆ వయసుకు చేరిన సజ్జనుడు తనకూ తన తల్లిదండ్రులకూ లభించిన వరాలకు కృతజ్ఞత తెలిపే భాగ్యాన్ని అడుగుతాడు, తన సంతానాన్ని చక్కదిద్దమని వేడుకుంటాడు, పశ్చాత్తాపంతో ప్రభువు వైపు మరలుతాడు.

కాబట్టి వెనుదిరిగి చూడటం తప్పు కాదు. చూసి ఏం చేస్తామన్నదే అసలు విషయం.

సోదరులారా! ఈ విషయంలో హజ్రత్ అమ్ర్ బిన్ ఆస్ (రజి) గారి మరణశయ్య మనకు గొప్ప పాఠశాల. ఆయన ఈజిప్టును జయించిన సేనాని. ఫుస్తాత్ నగరాన్ని స్థాపించి, నేటికీ తన పేరుతోనే పిలవబడుతున్న మస్జిద్‌ను అక్కడ నెలకొల్పినవారు. అంతిమ ఘడియ సమీపించినప్పుడు ఆయన గోడ వైపు ముఖం తిప్పుకుని చాలాసేపు ఏడ్చారు. దైవప్రవక్త (స) మీకు ఫలానా శుభవార్త చెప్పలేదా అంటూ కుమారుడు ఓదార్చబోయారు. అప్పుడు ఆయన ఇటు తిరిగి తన జీవితాన్ని తానే మూడు దశలుగా విప్పి చెప్పారు. ఈ వృత్తాంతం సహీహ్ ముస్లింలో ఉంది.

మొదటి దశలో తనకంటే ఎక్కువగా దైవప్రవక్త (స)ను ద్వేషించినవాడు లేడని, ఆ స్థితిలో చనిపోయి ఉంటే నరకవాసి అయ్యేవాడినని ఆయన అన్నారు. అబిసీనియాలో తలదాచుకున్న ముస్లింలను వెనక్కి రప్పించడానికి ఖురైషులు రాయబారిగా పంపింది ఈయననే. తరువాత హిజ్రీ 8వ సంవత్సరంలో అల్లాహ్ ఆయన హృదయంలో ఇస్లాంను నాటాడు. ప్రమాణం చేయడానికి వచ్చి, చేయి చాచి, మళ్లీ వెనక్కి తీసుకున్నారు. ఏమైందని దైవప్రవక్త (స) అడిగితే, నా గతం క్షమించబడాలన్నదే నా షరతు అన్నారు. ఇస్లాం తనకు ముందున్న దాన్ని కూల్చివేస్తుందని, హిజ్రత్ కూడా, హజ్ కూడా అలాగే చేస్తాయని నీకు తెలియదా అని ప్రవక్త (స) ఆయనకు అభయమిచ్చారు. ఆ రెండవ దశలో ఆయనకు ప్రవక్త (స)ను మించిన ప్రియతములు ఎవరూ లేరు. గౌరవాధిక్యం వల్ల కన్నులారా చూడను కూడా లేకపోయారు. ఆ స్థితిలో చనిపోయి ఉంటే స్వర్గాన్ని ఆశించేవాడినన్నారు. ఇక మూడవ దశ అధికారాలు, బాధ్యతలు మీద పడిన కాలం. ఆ విషయాల్లో నా పరిస్థితి ఏమిటో నాకు తెలియదని చెప్పి ఊరుకున్నారు.

ఆలోచించండి. ఒక దేశాన్ని జయించిన మనిషి తన జీవితాన్ని లెక్కించుకుంటూ విజయాల ఊసే ఎత్తలేదు. ఏ దశలో నేను నా ప్రభువుకు ఎంత దగ్గరగా ఉన్నాను అన్నదే ఆయన కొలబద్ద. మనమో, గడిచిన జీవితాన్ని జీతంతో, ఇంటితో, పోగొట్టుకున్న అవకాశాలతో కొలుస్తాము. కొలబద్ద తప్పినప్పుడు లెక్కా తప్పుతుంది.

సోదరులారా! మన గతంలోని విషయాలను మూడు భాగాలుగా విడదీసుకుందాం. ఒక్కొక్క దానికి ధర్మం ఒక్కొక్క మార్గం చూపింది.

మొదటిది: పాపం కానివి, మన విధిలో వ్రాయబడినవి. మన కరీంనగర్, నిజామాబాద్, కడప ప్రాంతాల నుండి ఎందరో యువకులు తండ్రి అప్పు తీర్చడానికి, చెల్లెళ్ల పెళ్లిళ్లు చేయడానికి చదువు మధ్యలో మాని గల్ఫ్ దేశాలకు వెళ్లారు. పాతికేళ్ల తరువాత నెరసిన గడ్డంతో తిరిగి వచ్చి, చదువుకుని ఉంటే ఎంత బాగుండేది, ఇక్కడే చిన్న దుకాణం పెట్టుకుని ఉంటే పిల్లల బాల్యం చూసేవాడిని కదా అని కుమిలిపోయేవారు ఉన్నారు. అటువంటి సోదరునికి దైవప్రవక్త (స) బోధ వినిపించండి. నీకు మేలు చేసేదాని కోసం పాటుపడు, అల్లాహ్ సహాయం కోరు, అధైర్యపడకు. ఏదైనా జరిగిపోతే అలా చేసి ఉంటే ఇలా అయ్యేది అనకు, అది అల్లాహ్ నిర్ణయం అను. ఆ 'ఉంటే' అన్న మాట షైతాను పనికి ద్వారం తెరుస్తుంది అన్నది ఆ హదీసు సారాంశం. ఇది సహీహ్ ముస్లింలోనిది. హలాల్ సంపాదనతో కన్నవారి అప్పు తీర్చిన చెమట వృథా కాదు. ఆ ఏళ్లు పోయినవి కావు, సంకల్పం మంచిదైతే కర్మల పత్రంలో చేరినవి. చేజారిన దానికి కుమిలిపోకూడదని, దక్కిన దానికి మిడిసిపడకూడదని సూరె హదీద్ 23వ ఆయత్ మనకు నేర్పుతోంది.

రెండవది: దాసునికీ అల్లాహ్‌కూ మధ్య జరిగిన పాపాలు. వదిలేసిన నమాజులు, చూడరానివి చూసిన కళ్లు, వెళ్లరాని చోట్లకు వెళ్లిన కాళ్లు. వీటికి ద్వారం తౌబా. పాపాన్ని మానుకోవాలి, దానికి మనసారా సిగ్గుపడాలి, మళ్లీ చేయనని దృఢంగా నిశ్చయించుకోవాలి. వదిలేసిన రోజాలను, ఇవ్వకుండా మిగిలిపోయిన జకాత్‌ను లెక్కగట్టి చెల్లించాలి. నమాజులను కూడా ఖజా చేయాలని అత్యధిక ధర్మవేత్తలు చెప్పారు. రోజూ ఒక్కొక్క ఫర్జ్ నమాజుతో పాటు ఒక ఖజా చదవడం మొదలుపెట్టినవాడికి ఏళ్ల బాకీ కూడా కొండలా కనిపించదు.

అయితే ఇక్కడ ఒక ప్రమాదం ఉంది. పాత మిత్రులు కలిసినప్పుడు, పెళ్లి విందుల్లో, ఆనాటి మన చేష్టలు గుర్తున్నాయా అంటూ యౌవనంలోని పాపాలను నవ్వుతూ చెప్పుకోవడం చాలాచోట్ల అలవాటుగా మారింది. పక్కన కొడుకులు వింటూ ఉంటారు. తన సమాజంలో అందరికీ క్షమాపణ ఉందని, పాపాన్ని బహిరంగపరిచేవారికి మాత్రం లేదని దైవప్రవక్త (స) హెచ్చరించారు. రాత్రి చేసిన దాన్ని అల్లాహ్ కప్పి ఉంచితే, తెల్లవారి తానే ఆ తెరను చించుకునేవాడు వారిలోనివాడేనని వివరించారు. ఇది బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉంది. ముప్పై ఏళ్లుగా అల్లాహ్ కప్పి ఉంచిన దాన్ని మనం ఒక నవ్వు కోసం విప్పుకోవడమా? తౌబా చేసిన పాపాన్ని తలచుకుంటే కన్ను తడవాలి, పెదవి నవ్వకూడదు.

మూడవది, అన్నిటికంటే బరువైనది: తోటి మనుషుల హక్కులు. ఇక్కడ కన్నీళ్లు మాత్రమే చాలవు. తీసుకున్నది తిరిగి ఇవ్వాలి, లేదా హక్కుదారుడు మనస్ఫూర్తిగా క్షమించాలి.

మీ నికాహ్‌ను గుర్తు చేసుకోండి. ఆనాడు సాక్షుల ఎదుట ఒప్పుకున్న మహర్ ఇచ్చారా? ఇవ్వకపోతే అది ఇంకా మీ మెడ మీద ఉన్న అప్పే. భర్త జనాజా దగ్గర నిలబెట్టి, దుఃఖంలో మునిగిన స్త్రీ చేత మహర్ మాఫ్ చేశానని అనిపించే ఆచారం మనలో ఉంది. సిగ్గుతో, ఒత్తిడితో పలికిన మాట క్షమాపణ ఎలా అవుతుంది? మహర్‌ను సంతోషంగా ఇవ్వమని సూరె నిసా 4వ ఆయత్ ఆదేశిస్తోంది. స్త్రీ తన ఇష్టంతో విడిచిపెట్టిన భాగం మాత్రమే పురుషునికి ధర్మసమ్మతం. ఇక కట్నమనీ, జోడే కీ రఖమ్ అనీ ఆనాడు అత్తవారి నుండి లాగిన సొమ్ము సంగతేమిటి? మా పెద్దలు అడిగారు, నాకేం తెలుసు అన్న జవాబు ప్రళయదినాన పనికివస్తుందా? ఆ మామగారు జీవించి ఉంటే ఆయనకు, లేకుంటే ఆయన వారసులకు తిరిగి ఇవ్వడానికి నేడే పూనుకోండి.

మీ తండ్రి మరణించిన దినాన్ని గుర్తు చేసుకోండి. చెల్లెళ్లకు వాటా పంచారా? పెళ్లిలో ఇచ్చాం కదా అన్నారా? పెళ్లి ఖర్చు వారసత్వం కాదు. అది సూరె నిసా 11వ ఆయత్‌లో అల్లాహ్ స్వయంగా నిర్ణయించిన భాగం. పుట్టింటి గడప దూరమవుతుందేమోనన్న భయంతో చెల్లెలు పెట్టిన సంతకం ఆమె సమ్మతి కాదు.

నమాజులు, రోజాలు, జకాత్‌లతో వచ్చి కూడా, ఒకరిని తిట్టి, మరొకరి సొమ్ము తిన్నందుకు తన పుణ్యాలన్నీ వారికి పంచి, చివరికి వారి పాపాలు తలకెత్తుకుని నరకంలో పడేవాడే నిజమైన దివాలాకోరు అని దైవప్రవక్త (స) చెప్పిన హదీసు సహీహ్ ముస్లింలో ఉంది. అక్కడ దిర్హములు చెల్లవు. ఇక్కడ రూపాయితో తీరేది అక్కడ పుణ్యంతో తీర్చవలసి వస్తుంది.

ఇంతటితో నా మాట ముగిస్తూ, నా కోసం, మీ కోసం, ముస్లింలందరి కోసం అల్లాహ్ మన్నింపును కోరుతున్నాను. మీరూ కోరండి. నిశ్చయంగా ఆయన క్షమాశీలుడు, కరుణామయుడు.

రెండవ ఖుత్బా

స్తోత్రాలన్నీ అల్లాహ్‌కే. శాంతి శుభాలు ఆయన ప్రవక్త (స) పైన.

సోదరులారా! ఇప్పుడు చాలా ఆలస్యమైపోయింది అని గుండెలో అనుకుంటున్న పెద్దలు మనలో ఉండవచ్చు. ఫుజైల్ బిన్ ఇయాజ్ (రహ్) గారిని స్మరించుకోండి. యౌవనంలో ఆయన ఖురాసాన్‌లోని అబీవర్ద్, సరఖ్స్ పట్టణాల మధ్య బాటసారులను దోచుకునేవారు. ఒక రాత్రి చెవిన పడిన ఖుర్ఆన్ పారాయణం ఆయన్ని మార్చింది. విశ్వాసుల హృదయాలు మెత్తబడే వేళ ఇంకా రాలేదా అని ప్రశ్నించే సూరె హదీద్ 16వ ఆయత్ అది. వేళ వచ్చింది ప్రభూ అంటూ వెనుదిరిగారు. తరువాత మక్కాలో స్థిరపడి, ఆరాధనకు మారుపేరై, హిజ్రీ 187లో అక్కడే కన్నుమూశారు.

ఆ ఫుజైల్ (రహ్) ఒకసారి ఒక వృద్ధుణ్ణి నీ వయసెంత అని అడిగారు. అరవై అన్నాడాయన. అరవై ఏళ్లుగా నీ ప్రభువు వైపు నడుస్తున్నావు, చేరే వేళ దగ్గరపడింది అన్నారు ఫుజైల్. ఆ వృద్ధుడు కలవరపడి ఉపాయం ఏమిటని అడిగాడు. ఉపాయం తేలికే, మిగిలిన దాన్ని బాగు చేసుకో, గడిచినది మన్నించబడుతుంది; మిగిలిన దాన్ని కూడా చెడగొట్టుకుంటే గడిచినదానికీ మిగిలినదానికీ కలిపి పట్టుబడతావు అని బదులిచ్చారు.

ఈ మస్జిద్‌లో కూర్చున్న యువకులారా! వార్ధక్యానికి ముందు యౌవనాన్ని అమూల్యంగా భావించమని దైవప్రవక్త (స) చెప్పారు. ఆయువును దేనిలో గడిపావు, యౌవనాన్ని దేనిలో అరగదీశావు అని ప్రళయదినాన విడివిడిగా ప్రశ్నించబడుతుందని కూడా చెప్పారు. ఇవాళ మీ పెద్దలు ఏ విషయాలకు బాధపడుతున్నారో విన్నారు కదా. వారు యాభైలో తీర్చడానికి తంటాలు పడుతున్న బాకీని మీరు పాతికలో నెత్తికెత్తుకోకండి. కట్నం తీసుకోకుండా, మహర్ చేతికిచ్చి నికాహ్ చేసుకోండి.

పెద్దలారా! ఈ నమాజు తరువాత ఇంటికి వెళ్లి ఒక కాగితం తీసుకోండి. ఎవరి హక్కు నా దగ్గర ఉందో పేరు పేరునా వ్రాయండి. మొదటి పేరు గల మనిషిని వచ్చే జుమాలోపు కలవండి.

ఓ అల్లాహ్! మా యౌవనపు పొరపాట్లను మన్నించు. మేము అన్యాయం చేసినవారి హక్కులు తీర్చే శక్తినీ, ధైర్యాన్నీ ఇవ్వు. మా చెమటను వృథా కానివ్వకు. మా బిడ్డల యౌవనాన్ని కాపాడు. మరణించిన మా తల్లిదండ్రులను కరుణించు. మా ఆఖరి దినాలను మా దినాలన్నిటిలో ఉత్తమమైనవిగా చేయి. ఆమీన్.