లారీ తోలబోయే వారికి బడి ఎంపిక

వానలు మొగము చాటేసి, వేరుసెనగ చేను ఊడలు దిగకముందే మాడిపోయిన ఏడు, మా కర్నూలు, కడప ప్రాంతాల ఇండ్లలో ఒక మాట తప్పక వినవస్తుంది: "పిల్లవాణ్ణి లారీకి పంపుదాము." అది తేలికగా అనే మాట కాదు. దాని వెనుక తల్లి మెడలోని గొలుసో, వడ్డీకి తెచ్చిన రొక్కమో ఉంటుంది. ఆ డబ్బును ఏ డ్రైవింగు స్కూలులో కట్టవలెనన్నది ఇంటిల్లిపాదీ కూర్చుని ఆలోచించదగిన సంగతి. శ్రోతలతో ఈ పూట దానినే ముచ్చటించదలచినాము.

పనికి కొదువ లేదు. బేతంచర్ల నాపరాళ్ళు, ఎర్రగుంట్ల సిమెంటు, మంగంపేట ముగ్గురాయి, ఆదోని ప్రత్తి, కర్నూలు ఉల్లిగడ్డలు, అన్నీ లారీ ఎక్కి పోవలసినవే. హైదరాబాదు, బెంగుళూరులను కలిపే 44వ నంబరు జాతీయ రహదారి కర్నూలు మీదుగానే పోతున్నది. కర్నూలు నుండి నంద్యాల, కడప, రాయచోటుల మీదుగా చిత్తూరు వైపు సాగేది 40వ నంబరు రహదారి.

పూర్వము ఈ విద్యకు బడి లేదు, గురువు ఉండేవాడు. కుర్రవాడు క్లీనరుగా చేరి, అద్దము తుడిచి, పట్టా కట్టి, రాత్రివేళ డ్రైవరుకు నిద్ర రాకుండా కబుర్లు చెప్పి, ఏండ్ల తరబడి బండి నాడిని తెలిసికొనేవాడు. టైరు మీద తట్టి గాలి ఎంత ఉన్నదో చెప్పగల చెవి ఆ చదువులో వచ్చేది. అది తక్కువ విద్య అని మేము అనము. అయితే అందులో ఎందుకు అనే ప్రశ్నకు చోటు లేదు. గురువుకు కునుకు వచ్చినప్పుడు, లైసెన్సు లేని శిష్యుని చేతికి చక్రము వచ్చేది. అటువంటి రాత్రులు అన్నీ తెల్లవారలేదు.

ఇక చట్టము సంగతి. 1988 నాటి మోటారు వాహనాల చట్టము ప్రకారము సరుకు రవాణా బండి తోలడానికి ఇరువది ఏండ్లు నిండవలెను. పెద్ద లారీకి ఎల్.ఎల్.ఆర్. తీసికొనే ముందు, కారు వంటి తేలిక బండి లైసెన్సు కనీసము ఒక సంవత్సరము చేతిలో ఉండవలెను. "వారములో హెవీ ఇప్పిస్తాము" అని బల్ల కట్టినవాని మాట ఈ ఒక్క నియమముతోనే తేలిపోతుంది. మరొక మాట. మొత్తము బరువు 7,500 కిలోలు మించని సరుకు బండికి తేలిక బండి లైసెన్సే చాలునని 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనము తీర్పు చెప్పినది. మీవాడు తోలబోయేది ఊరిలో తిరిగే చిన్న బండి అయితే, హెవీ పేరిట రుసుము కట్టనక్కరలేదు.

పెద్ద లారీయే అనుకుంటే, బడిలో మొదట చూడవలసినది గోడ. రవాణా శాఖ ఇచ్చిన లైసెన్సు అసలు ప్రతి అక్కడ కనబడవలెను. పిదప బండిని చూడవలెను. నేర్పేవాని కాలి వద్ద కూడ బ్రేకు, క్లచ్ ఉన్నవా? అవి లేని లారీలో శిష్యుడు తడబడితే గురువు కేకలు వేయడము తప్ప చేయగలిగినది లేదు. 1989 నాటి కేంద్ర నియమాల ప్రకారము రవాణా బండ్ల శిక్షణ ముప్పది రోజులకు తగ్గరాదు; అందులో స్వయముగా తోలిన కాలము పదిహేను గంటలకు తగ్గరాదు. ఎవరు ఎన్ని గంటలు తోలినారో వ్రాసి ఉంచడానికి ఫారం 15 అనే రిజిస్టరు కూడ ఉన్నది. ఈ పదిహేను గంటల వద్దనే మోసము జరుగుతుంది. ఒక లారీలో పదిమందిని ఎక్కించి, గంటసేపు త్రిప్పి, పదిమందికీ గంట చొప్పున వ్రాసికొంటే ఒక్కొక్కని చేతికి చక్రము వచ్చినది ఆరు నిమిషాలు! వెనుక కూర్చుని చూచినది తోలినట్లు కాదు. పెండ్లి భోజనము చూచినంత మాత్రాన కడుపు నిండదు గదా.

కడప నుండి రాయచోటికి పోయేవారికి గువ్వలచెరువు ఘాటు తెలియనిది కాదు. పాలకోవాకు ఎంత పేరో, లారీ ప్రమాదాలకూ ఆ దారికి అంత పేరు వచ్చినది. అక్కడ ఏమి జరుగుతుందో కొంచెము వివరముగా చెప్పవలసి ఉన్నది. పది చక్రాల లారీ సరుకుతో కలిపి సుమారు 28 టన్నులు తూగుతుంది. అంత బరువు దిగుడులో తనంత తానే వేగము పుంజుకొంటుంది. కొత్త డ్రైవరు మాటిమాటికి బ్రేకు త్రొక్కుతాడు. త్రొక్కిన కొద్దీ డ్రమ్ములు, లైనింగులు కాగి పట్టు సడలుతుంది. ఎయిర్ బ్రేకు అయితే ట్యాంకులోని గాలి కూడ తరుగుతుంది. డీజిలు మిగులుతుందని బండిని న్యూట్రల్‌లో వదిలేవారున్నారు. అప్పుడు ఇంజను ఇచ్చే నిలుపుదల కూడ పోయి, కాగిన బ్రేకులు తప్ప మరొక ఆధారము ఉండదు. దిగుడు మొదలు కాకమునుపే చిన్న గేరులో వేసి, ఇంజను చేతనే వేగమును పట్టించి, బ్రేకును పొదుపుగా వాడవలెను. ఎక్కడానికి ఏ గేరు పట్టునో దిగడానికీ అదే గేరు అని పాత డ్రైవర్లు చెప్పే లెక్క పాత బండ్లది; నేటి బండ్లకు దిగడానికి అంతకంటె చిన్న గేరు కావలసి రావచ్చును.

ఈ విద్య మైదానములో ఎనిమిది అంకె త్రిప్పితే రాదు. బడి లారీ మామూలుగా ఖాళీగా తిరుగుతుంది. ఖాళీ బండి అడిగిన చోట ఆగుతుంది. అందుచేత బడివారిని సూటిగా అడగండి: ఘాటు దారికి తీసికొనిపోతారా? బరువు బండి ఎట్లు ఆగునో తెలిసిన మనిషి నేర్పుతున్నాడా? "అవన్నీ లైసెన్సు వచ్చినాక వాడే నేర్చుకొంటాడు" అని జవాబు వస్తే, ఆ నేర్చుకొనేది ఎవరి ప్రాణము మీద అని మా ప్రశ్న.

రవాణా లైసెన్సుకు ఎనిమిదవ తరగతి చదివి ఉండవలెనన్న నియమమును 2019లో ఎత్తివేసినారు. బడి మానిన పిల్లలకు అది మేలే. అయితే అక్షరము రానివానికి దారి గుర్తులు, బండి కాగితాలు ఓపికగా విప్పిచెప్పే బడి మరీ అవసరమైనది.

2021 జూలై నుండి గుర్తింపు పొందిన శిక్షణ కేంద్రాల పద్ధతి కూడ అమలులోకి వచ్చినది. వాటిలో పెద్ద బండ్ల శిక్షణ ఆరు వారాలలో 38 గంటలు. అక్కడ ఉత్తీర్ణుడైనవానికి రవాణా కార్యాలయములో మళ్ళీ తోలి చూపే పరీక్ష ఉండదు. తమిళనాడులోని నామక్కల్‌లో అశోక్ లేలాండ్ సంస్థ నడిపే డ్రైవర్ల శిక్షణాలయము వంటివి దూరమైనా విచారించదగినవి. దారి ఖర్చు, బస ఖర్చు కలిపి లెక్క వేసికొనండి. ఊరిలోని చవక బడిలో సగము నేర్చి, తక్కిన సగము యజమాని లారీ మీద నేర్చుకొనే ఖర్చుతో దానిని పోల్చి చూడండి.

డబ్బు కట్టకమునుపు ఒకనాటి ఉదయము తండ్రీకొడుకులిద్దరూ ఆ బడికి పోయి, పాఠము జరిగే వేళ ఒక గంట నిలబడి చూడండి. ముగింపుకు వచ్చిన కుర్రవాణ్ణి ఒకనిని ప్రక్కకు పిలిచి, "నాయనా, నీ చేత ఎంతసేపు తోలించినారు?" అని అడగండి. ఆ పిదప ఫారం 15 చూపమని ఆఫీసులో అడగండి. కుర్రవాడు చెప్పిన లెక్కా, రిజిస్టరులోని లెక్కా కలిస్తే రుసుము కట్టవచ్చును. కలవకున్నా, రిజిస్టరు ఎక్కడున్నదో వెదకవలసి వచ్చినా, రొక్కము మళ్ళీ ఒడిలో పెట్టుకొని మరొక బడి తలుపు తట్టండి.