ఊరి పత్రికయే ఊరి దస్తావేజు
(ఒక పఠనాలయ సభలో చేసిన ఉపన్యాసము)



న్యాయవాదులమగు మేము నిత్యము చూచు సంగతి యొకటి గలదు. తాతతండ్రుల నాటినుండి సాగుచేయుచున్న రైతు, పహాణీలో పేరు లేనిచో, తన పొలమునందే పరాయివాడై నిలుచును. ప్రజల చరిత్రయు నట్టిదే. వ్రాసి యుంచుకొననిదానిని లేదనువారికి ప్రత్యుత్తరమిచ్చుట కష్టము.

ఈ సత్యము మన ప్రాంతమున ఋజువైనదే. తెలంగాణమున తెలుగు కవులు లేరని యొకప్పు డొకరు వ్రాసిరి. పాలమూరు సీమలోని ఇటిక్యాలపాడు వారగు సురవరము ప్రతాపరెడ్డిగారు నోటిమాటతో తృప్తిపడక, ఊరూర నుండి కవుల పద్యములను, వివరములను రప్పించి, 1934లో 354 కవులతో గోలకొండ కవుల సంచికను వెలువరించిరి. ఆ సాక్ష్యము ముందు ఆక్షేపణ నిలువలేదు. గోలకొండ పత్రిక చేతిలో లేనిచో నంతమందిని ఆయన యెట్లు చేరగలిగెడివారు?

అంతకు ముందే మన పెద్దలీ మార్గము త్రొక్కిరి. 1913లో పాలమూరు సీమనుండి శ్రీనివాసశర్మగారి హితబోధిని వెడలినది. 1922లో షబ్నవీసు వేంకటరామ నరసింహారావుగారు నల్లగొండ నుండి నీలగిరి పత్రికను, అదే యేట ఒద్దిరాజు సోదరులు ఓరుగల్లు సీమలోని ఇనుగుర్తి నుండి తెనుగు పత్రికను నడపిరి. రాజభాష ఉర్దూ, సభ జరుపుటకు సైతము సర్కారు అనుమతి కావలసిన దినములవి. అట్టి కాలమున జిల్లా పట్టణములోను పల్లెలోను తెలుగు అచ్చుయంత్రము నిలుపుట సామాన్యమైన సాహసము కాదు. ఆ పత్రికలు కొలది యేండ్లే జీవించినవి.

పిల్లలమఱ్ఱి శిలాశాసనములు ఎనిమిది శతాబ్దములు నిలిచినవి. వార్తాపత్రిక కాగితమో, తనలోని ఆమ్లము చేతనే పసుపువన్నెకు తిరిగి, పెళుసై, ముట్టినచో రాలిపోవును. కాని శిల రాజును, దాతను చెప్పును. చెరువు త్రవ్వినవానిని చెప్పదు. పాలమూరు కూలీలు ఎన్నియో పరాయి ప్రాంతముల ఆనకట్టలకు, కాలువలకు మట్టి మోసిరి. ఏ శిలాఫలకముపై వారి పేరున్నది? ఫ్లోరైడు నీరు త్రాగి ఎముకలు వంగిన నల్లగొండ పల్లెలవారి బాధ ఏ శాసనమున నున్నది? అట్టివారికి చోటిచ్చునది ఊరి పత్రికయే. అదియు చెదలపాలైనచో వారి పక్షమున పలుకు సాక్షి యుండడు.

2016లో ఉమ్మడి నల్లగొండ మూడు జిల్లాలైనది. మహబూబునగరు 2019 నాటికి అయిదైనది. కచేరీలు మారినవి, కాగితములు చేతులు మారినవి. చేతులు మారునప్పుడే దస్తావేజులు జారిపోవునని మా వృత్తి మాకు నేర్పినది.

కావున పఠనాలయములవారికి మా మనవి: పాత పత్రికలను తూకమునకు వేయకుడు. ఏటికేడు స్థానిక పత్రికలను కట్టలుగా కుట్టించి యుంచుడు. ఏ ఊరి సంగతి ఏ సంచికలో నున్నదో సూచిక వ్రాయుడు; విద్యార్థు లిద్దరు కూర్చున్న సెలవులలో ముగియు పని యిది. ఎవరి యటుకమీదనైన నీలగిరి సంచిక యొక్కటి కనబడినను వెంటనే ఛాయాచిత్రము తీయించుడు. అందులకు నేడు చేతి ఫోనే చాలును.

పత్రికలవారికిని ఒక్కమాట. అధికారుల పర్యటనలతోనే పుటలు నింపకుడు. ఎండిన బావిని, మూతపడిన మగ్గమును, వలసపోయిన కుటుంబమును పేరుతో, తేదీతో వ్రాయుడు. ప్రతాపరెడ్డిగారు ఆంధ్రుల సాంఘిక చరిత్ర వ్రాయుటకు కావ్యములను, సామెతలను గాలింపవలసివచ్చెను. సామాన్యుల బ్రతుకును వ్రాసి యుంచినవారు అరుదు గనుక. రేపటి చరిత్రకారునికి ఆ కరవు రాకుండ చూచుట మన చేతిలోని పని.

భూమికి పహాణీ యున్నది. ఊరి బ్రతుకునకు పహాణీ మనము వ్రాయవలెను.