రిపోర్టు నార్మల్ అని ఊరుకోవద్దు

ఈ ఉదయం మన సహోదరీలకు సంబంధించిన ఒక ముఖ్యమైన సంగతి చెప్పాలని ఆశపడుతున్నాను. సహోదరులారా, మీరు రేడియో కట్టేయవద్దు. మీ ఇంటిలోనూ తల్లి ఉన్నది, భార్య ఉన్నది, కుమార్తె ఉన్నది.

మార్కు సువార్త 5వ అధ్యాయములో పన్నెండేండ్లు రక్తస్రావముతో బాధపడిన ఒక స్త్రీని చూస్తాము. ఉన్నదంతా వైద్యులకు ఖర్చు చేసింది, గుణము కనబడలేదు. చివరకు జనములో ఎవరికీ తెలియకుండా వెనుకనుండి వచ్చింది. నేడు కూడా రొమ్ములో గడ్డ చేతికి తగిలినా సిగ్గుచేత, భయముచేత నెలల తరబడి ఎవరికీ చెప్పని తల్లులు ఉన్నారు.

కొందరికి రక్తపరీక్ష సులువుగా తోస్తుంది. డాక్టరుకు చూపించే పని లేదు, ఎవరికీ చెప్పే పని లేదు. నార్మల్ అని వస్తే స్తోత్రము చెప్పి ఊరుకుంటారు. ప్రియులారా, ప్రమాదము ఇక్కడే ఉన్నది!

ల్యాబులలో సీఏ 15-3 అనే పరీక్ష చేస్తారు. రొమ్ము క్యాన్సరు ఇతర అవయవాలకు పాకినవారిలో చికిత్స ఎలా పనిచేస్తున్నదో చూడటానికి డాక్టర్లు దానిని వాడతారు. గడ్డ చిన్నదిగా ఉన్నప్పుడు అది చాలాసార్లు మామూలుగానే ఉంటుంది. కాలేయ వ్యాధివల్ల, క్యాన్సరు లేకపోయినా పెరగవచ్చు. బీఆర్‌సీఏ పరీక్ష వేరు. అది వంశములో వచ్చే ముప్పును చెబుతుంది గాని, ఇప్పుడు గడ్డ ఉన్నదో లేదో చెప్పదు. మీ తల్లికో అక్కకో చిన్న వయసులో ఈ వ్యాధి వచ్చియుంటే దానిని గూర్చి డాక్టరును అడగండి.

రక్తములో క్యాన్సరు డీఎన్‌ఏ జాడలను వెదికే కొత్త పరీక్షలు కూడా వచ్చాయి. అమెరికాలో తయారైన గ్యాలరీ పరీక్షను గూర్చి 2021లో ప్రచురించిన అధ్యయనములో, అన్ని రకాల క్యాన్సర్లు కలిపి, నాలుగవ దశలో నూటికి 90 పట్టుబడ్డాయి. మొదటి దశలోనో, నూటికి 17 మాత్రమే. మనకు కావలసినది మొదటి దశలో పట్టడమే కదా!

మరి ఏది మేలు చేస్తుంది? ముంబైలో టాటా మెమోరియల్ ఆసుపత్రివారు 1998లో 1,51,538 మంది స్త్రీలతో ఒక అధ్యయనము ప్రారంభించారు. వారిలో ఒక భాగానికి, శిక్షణ పొందిన మహిళా కార్యకర్తలు రెండేండ్లకొకసారి చేతితో రొమ్ములను పరీక్షించారు. ఇరవై ఏండ్ల ఫలితాలు 2021లో వెలువడ్డాయి. పరీక్ష చేయించుకున్నవారిలో వ్యాధి అంతగా ముదరకముందే బయటపడింది. యాభై దాటిన స్త్రీలలో ఈ వ్యాధివల్ల మరణాలు దాదాపు 30 శాతము తగ్గాయి. ఖరీదైన యంత్రము లేదు, సూది లేదు. నేర్పుగల చేతులే!

మన ప్రభుత్వము 2016లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారము 30 నుండి 65 ఏండ్ల స్త్రీలకు ఐదేండ్లకొకసారి ఈ పరీక్ష చేయాలి. మీ ఊరి ఏఎన్ఎమ్‌ను అడగండి. రొమ్ములోగాని చంకలోగాని గడ్డ, చర్మము సొట్టపోవడం, చనుమొన లోపలికి పోవడం, దానినుండి రక్తము కారడం, వీటిలో ఏది కనబడినా ఐదేండ్లు ఆగవద్దు, వెంటనే డాక్టరుకు చూపించండి. నొప్పి లేదు గదా అని ఊరుకోవద్దు. మామోగ్రామో స్కానింగో తీసి, అవసరమైతే సూదితో ముక్క తీసి పరీక్షిస్తారు. ప్రతి గడ్డా క్యాన్సరు కాదు. అయితే ఆ మాట చెప్పవలసినది ఆ పరీక్షలు, రక్తపు రిపోర్టు కాదు.

ఆ స్త్రీ దాగి వెళ్లిపోవాలనుకున్నది. ప్రభువు ఆమెను వెళ్లనివ్వలేదు. ఆమె ముందుకు వచ్చి జరిగినదంతా చెప్పింది. ఆయన గద్దించలేదు, కుమారీ అని పిలిచాడు. సహోదరీ, నీవు కూడా చెప్పు. సహోదరుడా, నీ భార్య చెప్పినప్పుడు విసుగుకొనక ఆమెతో ఆసుపత్రికి వెళ్లు. స్త్రీల సమాజమువారు ఒక కూడికకు నర్సమ్మను పిలిపించండి. ప్రార్థన చేయండి, ప్రార్థన చేసి బయలుదేరండి.

దేవుడు మీ కుటుంబాలను కాపాడును గాక. ఆమేన్.