తప్పు ప్రభుత్వానిది, బాకీ కంపెనీది

కరిగిన క్రయోలైట్‌లో అల్యూమినా కలిపి, దాని గుండా విద్యుత్తు పంపితే అల్యూమినియం వేరవుతుంది. కిలో లోహానికి సుమారు 13 నుంచి 15 యూనిట్లు ఖర్చవుతాయి. కాబట్టి కరెంటు ధర పెరిగితే ముందుగా కుదేలయ్యేవాటిలో ఈ పరిశ్రమ ఒకటి.

పశ్చిమ జర్మనీలోని లుడ్విగ్స్‌హాఫెన్‌లో 1982లో అదే జరిగింది. ఆల్కాన్ కంపెనీ తన కర్మాగారాన్ని మూసేస్తానన్నది. 330 మంది ఉద్యోగాలు ప్రమాదంలో పడ్డాయి. రైన్‌లాండ్-పలాటినేట్ రాష్ట్ర ప్రభుత్వం 1983లో 80 లక్షల మార్కులు ఇచ్చింది. ఇటువంటి సాయానికి యూరోపియన్ కమిషన్ అనుమతి ముందే పొందాలి. పొందలేదు. ఆ సాయం చెల్లదనీ, సొమ్ము వెనక్కి తీసుకోవాలనీ 1985లో కమిషన్ నిర్ణయించింది.

1987లో కర్మాగారం మూతపడనే పడింది. అయినా వ్యాజ్యం ఆగలేదు. "ప్రభుత్వాన్ని నమ్మి తీసుకున్నాం, సొమ్ము ఖర్చయిపోయింది, జర్మన్ చట్టం ప్రకారం ఏడాది గడువు కూడా దాటింది" అన్నది కంపెనీ వాదన. జర్మనీ కింది కోర్టులు దీనిని ఒప్పుకున్నాయి.

1997 మార్చి 20న యూరోపియన్ న్యాయస్థానం ఒప్పుకోలేదు. అనుమతి ఉందో లేదో చూసుకోవడం జాగ్రత్తగల వ్యాపారి పని అన్నది. గడువు వాదన నెగ్గితే, సాయమిచ్చిన ప్రభుత్వం ఏడాది ఊరకుంటే చాలు, వసూలు తప్పిపోతుంది కదా!

తీర్పు కఠినంగా తోచవచ్చు. కానీ సాయం అందని పోటీదారు వైపు నిలబడి కూడా ఒకసారి ఆలోచించండి.